ఆంటోనియో లోపెజ్, మికెల్ బార్సెలో: ఎవరి దారి మేలు?

స్పెయిన్ చిత్రకళ అనగానే మన మాట పికాసో, డాలీల దగ్గరే ఆగిపోతుంది. వారి తర్వాతి తరాల నుంచి ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూస్తే ఒకరిది తూర్పు, ఒకరిది పడమర. బొమ్మలు నేర్చుకుంటున్నవారు ఎవరిని చూసి నేర్చుకోవాలన్నదే నా ప్రశ్న.

ఆంటోనియో లోపెజ్ గార్సియా 1936లో లా మాంచా ప్రాంతంలోని టొమెయోసోలో పుట్టారు. మొదటి గురువు చిత్రకారుడైన బాబాయే. పదమూడేళ్లకే మాడ్రిడ్ చేరి, అక్కడి శాన్ ఫెర్నాండో అకాడమీలో చదివారు. ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చే బొమ్మ మాడ్రిడ్‌లోని గ్రాన్ వియా వీధి. 1974లో మొదలుపెట్టి 1981లో ముగించారు. మీటరు పొడవైనా లేని బొమ్మకు ఏడేళ్లెందుకు? వేసవి తెల్లవారుజామున, వీధిలో జనం లేనప్పుడు, ఆయనకు కావలసిన వెలుగు ఉండేది కొద్ది నిమిషాలే. అది మారగానే కుంచె దించేయాలి. ఫోనులో చూసి ‘ఫొటోలాగా ఉంది’ అనేవారు ఈ ఏడేళ్లనే చూడలేకపోతున్నారు.

1990 శరదృతువులో తన పెరట్లోని క్విన్స్ అనే పండ్ల చెట్టును గీయబోయారు. పండ్లు బరువెక్కి కిందికి దిగుతుంటే, అవి ముందు ఎక్కడున్నాయో తెలియడానికి ఆకుల మీద, కాయల మీద తెల్లరంగుతో గుర్తులు పెట్టుకున్నారు. వానలొచ్చాయి, వెలుగు మారింది, తైలవర్ణ చిత్రం ఆగిపోయింది. దర్శకుడు విక్టర్ ఎరిసె ఆ ప్రయత్నాన్నే సినిమాగా తీస్తే 1992లో కాన్ చిత్రోత్సవంలో జ్యూరీ బహుమతి వచ్చింది. పూర్తికాని బొమ్మకు ఇంత గౌరవం దక్కడం నాకు ముచ్చటేస్తుంది.

అయితే ఈ నిదానానికి మరో ముఖమూ ఉంది. 1990ల తొలినాళ్లలో అప్పగించిన రాజకుటుంబ చిత్రం 2014 చివరకు గానీ బయటికి రాలేదు. అప్పటికి బొమ్మలోని రాజు హువాన్ కార్లోస్ సింహాసనం దిగి, కొడుకు రాజయ్యాడు! పేరు, ఆదరణ ఉన్నవారికి చెల్లింది గానీ, కొత్తగా రంగంలోకి వచ్చినవారు ఇలా చేస్తే రెండో పని రాదు.

మికెల్ బార్సెలో 1957లో మయోర్కా ద్వీపంలోని ఫెలానిచ్‌లో పుట్టారు. పాతికేళ్లకే, 1982లో, జర్మనీలోని డాక్యుమెంటా ప్రదర్శనలో చోటు సంపాదించారు. 1988లో ఆఫ్రికాలోని మాలీకి వెళ్లి, అక్కడ చాలాకాలం పనిచేశారు. చెదలు కాగితాలను తినేస్తే ఆ చిల్లులనే బొమ్మలో కలుపుకున్నారు. మట్టితో పనిచేయడమూ అక్కడే పట్టుబడింది. మయోర్కాలోని పాల్మా కెథడ్రల్ (పెద్ద చర్చి) లోపల 2007లో ప్రారంభమైన ఒక మందిరపు గోడలపై దాదాపు 300 చదరపు మీటర్ల మేర ఆయన మట్టితో చేసిన చేపలు, రొట్టెలు, పండ్లు పరుచుకుని ఉంటాయి. మట్టి ఆరినప్పుడు పడిన పగుళ్లను ఆయన దాచలేదు.

2008లో జెనీవాలోని ఐక్యరాజ్యసమితి సభామందిరం పైకప్పును సముద్రపు గుహలా మార్చారు. రంగు గడ్డకట్టి కిందికి వేలాడుతుంది. దాదాపు రెండు కోట్ల యూరోల ఖర్చులో కొంత విదేశీ సహాయ నిధి నుంచి తీశారని స్పెయిన్‌లో గొడవ జరిగింది. నా దృష్టిలో ఆ విమర్శ న్యాయమైనదే, కానీ సమాధానం చెప్పవలసింది ప్రభుత్వం.

నేర్చుకునేవారికి నా ఓటు లోపెజ్‌కే. చెదలనూ పగుళ్లనూ ఆహ్వానించే ధైర్యం బార్సెలోకు అబ్బింది, కానీ దాన్ని అనుకరిస్తే మిగిలేది గందరగోళమే. చూడడంలో లోపెజ్ క్రమశిక్షణను అనుకరిస్తే మాత్రం, బొమ్మ చెడిపోయినా కన్ను బాగుపడుతుంది. గడువు ఇచ్చి పని అప్పగించేవారి సంగతి వేరు, వారికి బార్సెలోయే నయం.

యాత్రకు వెళ్లేవారు పాల్మా మందిరాన్ని తప్పక చూడాలి. ఆ మట్టి ఉబ్బెత్తు ఏ తెరమీదా తెలియదు. లోపెజ్ శిల్పి కూడా కాబట్టి, మాడ్రిడ్‌లో అటోచా స్టేషన్ దగ్గర ఆయన చేసిన రెండు భారీ పసిపాప తలలనూ చూసి రావచ్చు.