అక్రోపోలిస్ మ్యూజియం, ఏథెన్స్: ఆ రాతి అమ్మాయిల జడలు చూడకుండా రాకండి

ఎండలో అక్రోపోలిస్ కొండెక్కి, ఎరెక్థియాన్ గుడి వసారాని తలల మీద మోస్తున్న ఆరుగురు అమ్మాయిల ముందు ఓ పాతిక ఫొటోలు దిగాక, మా చెల్లెలు ఫోన్‌లో చూసి చెప్పింది, అవన్నీ నకళ్లని. ఆన్‌లైన్‌లో బుక్ చేసుకున్న గైడ్ ఆ ముక్క చెప్పనేలేదు, పైగా గంటన్నర టూరు నలభై నిమిషాల్లో చుట్టేశాడు. సరే, ఆయన సంగతి వదిలేయండి.

అసలువి ఊరి పొగకి పాడైపోతున్నాయని 1979లోనే దించేశారు. అయిదు బొమ్మలు ఇప్పుడు కొండ కింద అక్రోపోలిస్ మ్యూజియంలో ఉన్నాయి. ఇంకొకటి లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, 1800ల మొదట్లో అప్పటి బ్రిటిష్ రాయబారి లార్డ్ ఎల్గిన్ మనుషులు ఊడదీసి పట్టుకుపోయారు. ఇక్కడ ఆమె చోటు ఖాళీగానే ఉంచారు, అది చూస్తే కొంచెం కోపం కూడా వచ్చింది.

కొండ మీద దూరం నుంచి ముందువైపు మాత్రమే కనిపిస్తుంది, ఇక్కడ చుట్టూ తిరిగి చూడొచ్చు. దీనికే టికెట్ డబ్బులు గిట్టుబాటైపోతాయి. ఒక్కొక్కరూ ఏడున్నర అడుగుల ఎత్తు, వీపు మీద లావుపాటి జడలు, ఏ పాయకాపాయ విడిగా తెలుస్తుంది. ఆ జడ సోకు కోసం మాత్రమే కాదండోయ్, అంత కప్పు మోయాలంటే సన్నటి మెడ విరిగిపోతుంది కదా, అందుకని జుట్టునే మెడకి దన్నుగా చెక్కారు. బరువు మోసే కాలి మీద బట్ట కుచ్చిళ్లు స్తంభం మీది గాడుల్లాగా నిలువుగా దిగుతాయి, రెండో మోకాలు కాస్త వంగి ఉంటుంది. తల మీద దిమ్మె చూసి మా అమ్మ "చుట్టకుదురు పెట్టుకుని బిందె మోస్తున్నట్టున్నారే" అంది. గైడ్ కంటే అమ్మే నయం.

చేతులు మాత్రం ఒక్కరికీ మిగల్లేదు. ఇటలీలో హాడ్రియన్ చక్రవర్తి విల్లాలో దొరికిన రోమన్ నకళ్లని బట్టి, ఒక చేత్తో పళ్లెం లాంటి గిన్నె, ఇంకో చేత్తో చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకున్నట్టు బట్ట పట్టుకుని ఉండేవాళ్లట. గ్రీకుల శత్రువులైన పర్షియన్లతో చేతులు కలిపిన కార్యై అనే గ్రీకు ఊరి ఆడవాళ్లని బానిసలు చేసి, శిక్షగా ఇలా బరువు మోస్తున్నట్టు చెక్కారని పాతకాలపు రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ రాశాడు. నాకైతే నమ్మబుద్ధి కాలేదు. గుడి కట్టినప్పటి లెక్కల శాసనాల్లో వీళ్లని ఉత్త "అమ్మాయిలు" అనే రాశారు, ఆ మొహాల్లో కూడా శిక్ష పడ్డ జాడేం లేదు.

కొండకీ మ్యూజియానికీ టికెట్లు వేరువేరు. శుక్రవారం రాత్రి పది దాకా తెరిచే ఉంటుంది కాబట్టి పొద్దున్నే కొండ, సాయంత్రం మ్యూజియం పెట్టుకోండి. మేం రెండూ మిట్టమధ్యాహ్నమే చేసి కాళ్లు పడిపోయి, పైనున్న రెస్టారెంట్‌లో కూలబడ్డాం.