రెండేళ్లుగా ఆర్‌క్లోన్ మౌంట్, పది నెలలుగా దాని మీద ఏఐ ఏజెంట్: నా అనుభవం

మాది తెనాలిలో పెళ్లి ఫోటోల స్టూడియో. సీజన్‌లో ఒక్కో పెళ్లికి నాలుగైదు వేల రా ఫోటోలు (కెమెరా నుంచి నేరుగా వచ్చే పెద్ద ఫైళ్లు) వస్తాయి. హార్డ్‌డిస్కులు బీరువాలో పేర్చి పేర్చి విసుగొచ్చి, రెండేళ్ల కిందట అన్నీ ఎస్3 తరహా క్లౌడ్ బకెట్‌లోకి, అంటే నెట్ మీద అద్దెకు దొరికే స్టోరేజీలోకి మార్చేశాను. ఆ బకెట్ నా లినక్స్ కంప్యూటర్లో మామూలు ఫోల్డర్‌లా కనిపించేలా చేసేది ఆర్‌క్లోన్. అలా కనిపించేలా తగిలించడాన్నే మౌంట్ అంటారు. నిక్ క్రెయిగ్-వుడ్ 2012లో మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఇది. ఉచితం, 70కి పైగా క్లౌడ్ సర్వీసులతో పనిచేస్తుంది. పది నెలల నుంచి ఆ ఫోల్డర్‌లో ఒక ఏఐ ఏజెంట్‌తో, అంటే చెప్పిన పనిని కంప్యూటర్లో తనే చేసిపెట్టే ఏఐ ప్రోగ్రామ్‌తో పని చేయిస్తున్నాను. ఫోటోలను తంతు వారీగా విడదీయడం, పేర్లు మార్చడం, ఆల్బంకి జాబితా రాయడం దాని పని.

మౌంట్ గురించి చెప్పాలంటే, ఒక్క సాయంత్రంలో సెటప్ అయిపోయింది. వీఎఫ్ఎస్ క్యాష్ మోడ్‌ను (ఫైళ్లను తాత్కాలికంగా మన డిస్క్‌లో దాచుకునే ఆర్‌క్లోన్ సెట్టింగ్) ఫుల్‌లో పెట్టండి, లేకపోతే చాలా ప్రోగ్రాములు ఫైల్ సేవ్ చేసే దగ్గరే మొరాయిస్తాయి. క్యాష్‌కి పరిమితి కూడా మీరే పెట్టుకోవాలి. నేను 100 జీబీ పెట్టాను. నేనూ మా కుర్రాళ్లూ మాత్రమే వాడినన్నాళ్లు ఏ ఇబ్బందీ రాలేదు.

ఏజెంట్ వచ్చాక అసలు సంగతి బయటపడింది. దానికి అది క్లౌడ్ అని ఎవరు చెప్పారు? ఫోల్డర్‌లా కనిపిస్తే ఫోల్డరే అనుకుంది.

మొదటి వారమే ఒక పెళ్లికి ఆరు ఫోల్డర్లు చేయమన్నాను: మంగళస్నానం, గౌరీపూజ, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు, గ్రూపులు. చేసింది. మర్నాడు చూస్తే ఒక్కటీ లేదు. ఏజెంట్‌ని అడిగితే మళ్లీ చేసింది, మళ్లీ పోయాయి. కారణం ఏమిటంటే, ఇలాంటి బకెట్లలో నిజానికి ఫోల్డర్ అనేదే ఉండదు. ఫైల్ పేరులో ఉన్న స్లాష్ (/) గుర్తులను బట్టి ఫోల్డర్లుగా చూపిస్తారంతే. లోపల ఫైల్ లేని ఫోల్డర్‌కి అక్కడ ఉనికే లేదు. ఫోల్డర్ పేరు మార్చడం కూడా అంతే. మనకు ఒక క్లిక్కు, అక్కడ మాత్రం ప్రతి ఫోటో కొత్త పేరుతో కాపీ అయి పాతది చెరిగిపోవాలి. మూడు వేల ఫోటోలుంటే మూడు వేల కాపీలు.

రెండో దెబ్బ ఇంకా పెద్దది. ఒక రోజు కరెంటు పోయి వచ్చింది. కంప్యూటర్ లేచేసరికి నెట్ రాలేదు, దాంతో మౌంట్ ఎక్కలేదు. నెట్ ఆ తర్వాత వచ్చింది. మౌంట్ లేనప్పుడు ఆ చోట ఖాళీ లోకల్ ఫోల్డర్ ఒకటి ఉంటుంది. ఏజెంట్ దాన్నే బకెట్ అనుకుని, ఎంపిక చేసిన ఫోటోలు మూడొందల పైచిలుకు అందులో రాసేసి "పని పూర్తయింది" అంది. తర్వాత నేను మౌంట్ చేయబోతే, ఫోల్డర్ ఖాళీగా లేదని ఆర్‌క్లోన్ ఒప్పుకోలేదు. అలా ఒప్పుకోకపోవడమే నన్ను కాపాడింది. ఎక్కి ఉంటే ఆ ఫోటోలు మౌంట్ కింద పడి కనిపించేవి కావు. పెళ్లివాళ్లకు ఆ సాయంత్రమే ఇవ్వాల్సినవి, ఎంత టెన్షన్ పడ్డానో చెప్పలేను.

ఇంకోసారి ఫోటోలు తీసిన సమయాలు మాత్రమే చూడమంటే, బకెట్‌లోని పాత పెళ్లిళ్ల ఫైళ్లు కూడా తెరుచుకుంటూ పోయింది. తెరిచిన ప్రతి ఫైల్ నుంచీ కొంత డేటా దిగుతుంది. ఆర్‌క్లోన్ ఒక్కో ఫైల్‌కి ముందుగానే చదివి పెట్టుకునే బఫర్ మామూలుగా 16 ఎంబీ. వేల ఫైళ్లకు అది ఎంతవుతుందో లెక్కేసుకోండి.

అప్పుడు కూర్చుని ఏజెంట్స్.ఎండీ అనే ఫైల్ రాశాను. ఏజెంట్ పని మొదలుపెట్టే ముందు చదువుకునే నోట్ అది. తెలుగులోనే రాశాను, బాగానే అర్థం చేసుకుంటోంది. మొదటి వెర్షన్‌లో "జాగ్రత్తగా ఉండు" లాంటి మాటలు రాస్తే ఏ ఉపయోగం లేకపోయింది. కారణం, పరీక్ష, తర్వాత చేయాల్సింది మూడూ రాసినప్పుడే పని జరిగింది. ఇప్పుడున్న వాటిలో కొన్ని:

"ఇది డిస్క్ కాదు, నెట్ అవతల ఉన్న బకెట్. ఏదైనా రాసే ముందు మౌంట్‌పాయింట్ కమాండ్‌తో మౌంట్ ఉందో లేదో చూడు. లేకపోతే ఆగి నాకు చెప్పు, నువ్వు మౌంట్ చేయకు."

"ఖాళీ ఫోల్డర్లు చేయకు. ఫైల్ పెట్టేటప్పుడే ఫోల్డర్ వస్తుంది."

"వేరే చోట నుంచి ఎక్కించిన ఫోటోలు ఇక్కడ కనిపించడానికి ఐదు నిమిషాల దాకా పట్టవచ్చు. లేవని తేల్చే ముందు ఆగి మళ్లీ చూడు."

"ఫైల్ సేవ్ అయిందంటే అప్‌లోడ్ అయినట్టు కాదు. వరుసలో ఎన్ని మిగిలాయో ఆర్‌క్లోన్ చూపించే వీఎఫ్ఎస్ స్టాట్స్ లెక్కల్లో చూసి, సున్నా అయ్యాకే పూర్తయిందని చెప్పు."

చివరిది చాలా ముఖ్యం. ఫైల్ ముందు క్యాష్‌లో పడి, ఐదు సెకన్లు ఆగి, తర్వాత ఎక్కడం మొదలవుతుంది. ఆర్‌క్లోన్ మధ్యలో ఆగిపోయినా అవే సెట్టింగులతో మళ్లీ నడిపితే మిగిలినవి ఎక్కుతాయి. అందుకే క్యాష్ ఫోల్డర్ జోలికి వెళ్లొద్దని కూడా రాసి పెట్టాను.

అయితే రాతతోనే సరిపెట్టలేదు. ఒరిజినల్ ఫోటోలను రీడ్ ఓన్లీగా (చూడటానికే, మార్చడానికి కాదు) ఒక చోట, ఏజెంట్ రాసుకునే భాగాన్ని ఇంకో చోట, విడివిడిగా మౌంట్ చేశాను. నోట్‌లో ఎంత స్పష్టంగా రాసినా ఏజెంట్ ఒక్కోసారి తప్పుతుంది. ఒరిజినల్స్ మాత్రం ఆ ఫోల్డర్ నుంచి అది తలకిందులుగా తపస్సు చేసినా చెరపలేదు. ఇది మొదటి రోజే చేయాల్సిన పని, నేను నాలుగు నెలలు ఆలస్యం చేశాను.

వీడియో ఎడిటింగ్‌కి మాత్రం ఈ పద్ధతి వద్దు. టైమ్‌లైన్ ప్రతి కట్ దగ్గరా ఆగుతుంది. ఆ ఫైళ్లు ఎస్ఎస్‌డీలోకి దించుకునే పని చేస్తున్నాను.

గుంటూరులో స్టూడియో నడిపే మా బావ పోయిన నెల ఈ నోట్ అడిగి తీసుకున్నాడు. ఆయనది విండోస్ కాబట్టి, అక్కడ మౌంట్ చేయడానికి కావాల్సిన విన్ఎఫ్ఎస్‌పీ అనే ప్రోగ్రామ్ వేసి, మౌంట్ ఉందో లేదో చూసే లైన్ ఒక్కటి మార్చి ఇచ్చాను. మిగతాదంతా ఉన్నది ఉన్నట్టే వాడుతున్నాడు.