ముట్లు ఆగాక మంట: జెల్ మేలా, ఈస్ట్రోజెన్ క్రీమ్ మేలా?

హైదరాబాద్ మలక్‌పేటలో ఉండే మా అక్కకు 53 ఏళ్లు. ముట్లు ఆగి ఐదేళ్లయింది. ఒక్క ఏడాదిలో నాలుగుసార్లు మూత్రంలో మంట వచ్చింది, నాలుగుసార్లూ యాంటీబయాటిక్స్ మింగింది. మెట్రోలో అమీర్‌పేట వెళ్లాలన్నా ముందు బాత్రూం ఎక్కడుందో ఆలోచించేది. చివరికి గైనకాలజిస్టు యోనిలో రాసుకునే ఎస్ట్రియోల్ (ఒక రకం ఈస్ట్రోజెన్) క్రీమ్ రాసిచ్చారు. అక్క ట్యూబు తెచ్చుకుంది. డబ్బాలోని కాగితం మడతలు విప్పి, కళ్లజోడు పెట్టుకుని చదివి, "క్యాన్సర్ అని రాసుందే దీంట్లో, నాకొద్దు" అని బీరువాలో చీరల కింద పెట్టేసింది. రెండు నెలలు అది అక్కడే ఉండిపోయింది.

ముట్లు ఆగాక ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తగ్గిపోతుంది. దాంతో యోని గోడలు పలచబడతాయి, తడి ఆరిపోతుంది. అక్కడ కాపలా కాసే మంచి బ్యాక్టీరియా తగ్గి, చెడ్డవి చేరతాయి. మూత్రం వచ్చే దారి పక్కనే కాబట్టి ఇన్ఫెక్షన్లు మళ్లీ మళ్లీ వస్తాయి. వేడి ఆవిర్లయితే చాలామందికి కొన్నేళ్లకు తగ్గుతాయి. ఇది మాత్రం వదిలేస్తే ముదురుతుంది. మన దగ్గర గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువ. దాంతోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈ బాధ నలభైలోపే మొదలవ్వొచ్చు.

ఇబ్బంది కలయిక సమయంలో మాత్రమే ఉంటే లూబ్రికెంట్ జెల్ చాలు. దాని పని ఆ కాసేపటికే. రోజంతా పొడిగా, దురదగా ఉంటే యోని మాయిశ్చరైజర్ రెండు మూడు రోజులకోసారి పెట్టుకోవాలి. రెండింట్లోనూ హార్మోన్ లేదు, డాక్టరు చీటీ అక్కర్లేదు. కొబ్బరినూనె చాలామంది వాడతారు. కండోమ్ వాడే దంపతులు మాత్రం దాని జోలికి పోకూడదు, నూనె తగిలితే రబ్బరు దెబ్బతింటుంది. అయితే జెల్ గానీ నూనె గానీ పలచబడ్డ గోడను మళ్లీ మందంగా చేయలేవు. అక్కలాగా మంట మాటిమాటికీ వచ్చేవాళ్లకు ఈస్ట్రోజెనే మేలని నా గట్టి అభిప్రాయం. 1993లో వచ్చిన ఒక అధ్యయనంలో ఎస్ట్రియోల్ క్రీమ్ వాడిన ఆడవాళ్లకు మూత్ర ఇన్ఫెక్షన్లు ఏడాదికి సగటున 0.5 సార్లే వచ్చాయి. మందు లేని ఉత్తుత్తి క్రీమ్ వాడినవాళ్లకు 5.9 సార్లు వచ్చాయి.

మరి ఆ కాగితం మీది భయం? అది వేరే మందు తాలూకు భయం. 2002లో అమెరికాలోని పెద్ద అధ్యయనంలో రొమ్ము క్యాన్సర్ కాస్త పెరిగినట్టు తేలింది ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అనే రెండు హార్మోన్లు కలిసిన మాత్ర రోజూ మింగినవాళ్లలో. మింగిన మాత్ర ఒళ్లంతా తిరుగుతుంది. యోనిలో తక్కువ మోతాదులో పెట్టే మందు చాలావరకు అక్కడే పనిచేస్తుంది, రక్తంలోకి చేరేది చాలా కొద్ది. అదే అధ్యయనంలో భాగంగా యోని ఈస్ట్రోజెన్ వాడినవాళ్లను ఏళ్ల తరబడి గమనించి 2018లో ఫలితాలు ప్రకటించారు. రొమ్ము క్యాన్సర్ గానీ, గర్భసంచి క్యాన్సర్ గానీ, రక్తం గడ్డలు గానీ వాళ్లలో పెరగలేదు. 2025 నవంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా ఈ మందుల మీది పాత పెద్ద హెచ్చరికను తీసేయించే పని మొదలుపెట్టింది.

ఒక్కచోట మాత్రం నిజంగా ఆగి ఆలోచించాలి. రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లు ముందు మాయిశ్చరైజర్‌తో ప్రయత్నించాలి. అది చాలకపోతే క్యాన్సర్ డాక్టరుతో మాట్లాడాకే క్రీమ్. ఒంట్లో ఈస్ట్రోజెన్‌ను తగ్గించే లెట్రోజోల్, అనస్ట్రోజోల్ లాంటి మాత్రల మీద ఉన్నవాళ్లయితే మరీ జాగ్రత్త. ముట్లు ఆగిన ఏడాది తర్వాత ఒక్క చుక్క రక్తం కనిపించినా, కారణం తేలేదాకా ఈ మందు మొదలుపెట్టకూడదు.

క్రీమా, లోపల పెట్టుకునే చిన్న బిళ్లా అంటే, పనితనంలో పెద్ద తేడా లేదు. బిళ్ల శుభ్రంగా ఉంటుంది, మోతాదు తప్పదు. క్రీమయితే బయట మంట ఉన్నచోట కూడా రాసుకోవచ్చు, కానీ అప్లికేటర్ (క్రీమ్ లోపలికి ఎక్కించే గొట్టం) మీది గీత దాటి ఎక్కించకూడదు. మామూలుగా మొదటి రెండు వారాలు రోజూ రాత్రి, తర్వాత వారానికి రెండుసార్లు. మొదట్లో కొంచెం చురుక్కుమనొచ్చు. పూర్తి ఫలితం తెలియడానికి మూడు నెలలు పట్టొచ్చు. మానేస్తే బాధ మళ్లీ వస్తుంది. లేజర్ చికిత్స గురించి కూడా వింటుంటాం. 2021లో వచ్చిన ఒక పరీక్షలో అది ఉత్తుత్తి లేజర్ కంటే మెరుగ్గా ఏమీ తేలలేదు. నేనైతే దానికి డబ్బు పెట్టను.

డాక్టరు దగ్గర మన ఆడవాళ్లు "మూత్రంలో మంట" అని ఊరుకుంటారు. పొడిబారిందనీ, కలయికలో నొప్పనీ చెప్పరు. అందుకే యాంటీబయాటిక్స్‌తోనే సరిపెట్టేస్తారు. ఆ రెండు మాటలు చెప్పండి, యూరిన్ కల్చర్ (మూత్రంలో ఏ బ్యాక్టీరియా ఉందో చూసే పరీక్ష) చేయించమని అడగండి, ఎందుకంటే ఇన్ఫెక్షన్ లేకుండా కూడా మంట వస్తుంది. ఖర్చు టెన్షన్ ఉంటే సుల్తాన్ బజార్, పేట్లబుర్జు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో గైనిక్ ఓపీ ఉంటుంది.

అక్క మొత్తానికి క్రీమ్ మొదలుపెట్టింది. వంటింటి క్యాలెండర్లో ప్రతి బుధవారం, ఆదివారం గడిలో ఎర్ర పెన్నుతో చిన్న చుక్క పెడుతోంది. మొన్న లెక్కపెడితే పంతొమ్మిది చుక్కలు.