పాత కామిక్సుల గ్రేడింగ్: పన్నెండేళ్లు వాడిన తర్వాత

నా బల్ల సొరుగులో ఒక రూళ్ల నోటుబుక్కు ఉంది. గ్రేడింగుకు, అంటే పుస్తకం స్థితి చూసి అంకె వేసే సంస్థలకు, పంపే ప్రతి కామిక్సునూ పెట్టెలో సర్దే ముందు, దానికి ఎంత అంకె వస్తుందని నేను అనుకుంటున్నానో అందులో ఎడమవైపు రాస్తాను. నెలల తర్వాత పుస్తకం తిరిగి వచ్చాక వాళ్లు వేసిన అంకెను కుడివైపు రాస్తాను. 2013లో మొదలైన ఆ లెక్కలో ఇప్పటికి 43 పుస్తకాలు చేరాయి. నేను సేకరించేవి ఎక్కువగా 1970ల నాటి అమెరికన్ కామిక్సులు. డల్లాస్ దగ్గర ఉద్యోగంలో చేరిన కొత్తలో వారాంతపు సంతల్లో పది ఇరవై డాలర్లకు కొనడంతో ఈ అలవాటు పట్టుకుంది. గ్రేడింగ్ సంస్థలు రెండింటి సేవలు వాడాను. ఇబ్బంది పడ్డ సందర్భాలు చెప్పేచోట ఎవరి పేరూ పెట్టడం లేదు, ఎందుకంటే వాటిలో సగం నా తొందరపాటు వల్ల వచ్చినవే.

1970లో రాబర్ట్ ఓవర్‌స్ట్రీట్ ధరల పుస్తకం వెలువడ్డాక పాత కామిక్సులకు అచ్చయిన ధర అంటూ ఒకటి ఏర్పడింది. అయితే ఆ ధర పుస్తకం స్థితిని బట్టి మారుతుంది కనుక, అమ్మేవాడి కంటికి ‘వెరీ ఫైన్’ అనిపించింది కొనేవాడి కంటికి ‘ఫైన్’గా మాత్రమే కనిపించడం తగవులన్నిటికీ మూలమైంది. అమ్మకంతో సంబంధం లేని మూడో మనిషి చేత అంకె వేయించాలన్న ఆలోచనతో 2000లో సి.జి.సి. అనే సంస్థ మొదలైంది, అక్కడ తొలి ప్రధాన గ్రేడరుగా పనిచేసిన స్టీవ్ బొరాక్ ఆ తర్వాత సి.బి.సి.ఎస్. అనే మరో సంస్థ నెలకొల్పారు. 0.5 నుంచి 10 దాకా మొత్తం 25 మెట్లు ఉంటాయి. వాటి పేర్లు చూసి మోసపోకూడదు. ఈ కొలమానంలో ‘గుడ్’ అంటే 2.0, అట్ట నలిగి, వెన్ను ఒక పక్కకు తిరిగిపోయి, మూలలు అరిగినా పుస్తకం మొత్తంగా ఉంటే అది ‘గుడ్’. పదికి రెండు మార్కులు తెచ్చుకుంటే మా బడిలో ఎవరూ గుడ్ అనలేదు. అంకె వేశాక పుస్తకాన్ని గట్టి ప్లాస్టిక్ తొడుగులో మూసి పైన చీటీ పెడతారు, దీన్నే అందరూ స్లాబ్ అంటారు. సి.జి.సి. చీటీల్లో నీలం మామూలు పుస్తకానికి, పసుపు వాళ్ల సాక్షి ఎదుట సంతకం చేయించిన దానికి, ఊదా మరమ్మతు జరిగిన దానికి, ఆకుపచ్చ ఏదో ఒక పెద్ద లోపాన్ని విడిగా పేర్కొన్న దానికి.

అంకె వేసే పని అసలు ఎలా ఉంటుందో తెలియాలంటే ఒక పుస్తకాన్ని దగ్గరగా చూడాలి. 1974 నవంబరు నాటి ‘ఇన్‌క్రెడిబుల్ హల్క్’ 181వ సంచికనే తీసుకుందాం. వుల్వరిన్ అనే పాత్ర అంతకు ముందు సంచిక చివరి పేజీలో తొంగిచూసి, ఇందులో పూర్తిగా ప్రవేశిస్తాడు. అట్ట మీద ధర 25 సెంట్లు. నేను మొదట కామిక్సు ఉంచిన సంచి మూత మీది టేపును వెనక్కి మడిచి అంటిస్తాను, ఎందుకంటే బయటికి లాగేటప్పుడు ఆ టేపు అట్టకు అంటుకుని చిరిగిన కామిక్సులు లోకంలో చాలా ఉన్నాయి. తర్వాత దీపాన్ని ఒక పక్కకు వంచి, ఏటవాలు వెలుతురులో వెన్ను చూస్తాను. పిన్నుల దగ్గర సన్నటి అడ్డగీతలు ఉంటాయి. అవి ఉత్త నొక్కులా, లేక రంగు పగిలి కింది తెల్ల కాగితం కనిపిస్తోందా అన్నదే ప్రశ్న. రంగు పగలని నొక్కు తగ్గవచ్చు, పగిలింది ఇక పోదు. ఆ తర్వాత పిన్నుల తుప్పు, నడిమి పేజీ పిన్నుల్లో గట్టిగా నిలిచిందా లేదా, అంచుల రంగు, కాగితం వాసన. చివరగా అట్ట కాక 32 పేజీలూ లెక్కపెడతాను. ఈ సంచికలో లెక్క సరిపోయినా చాలదు. ఆ రోజుల్లో దీని ప్రచురణకర్తలు మార్వెల్ వాళ్లు, పిల్లలు కత్తిరించి దాచుకోవడానికి లోపల వేల్యూ స్టాంప్ అని ఒక చిన్న బొమ్మ అచ్చువేసేవారు. ఇందులో ఉన్నది 54వ నంబరు, షానా అనే పాత్ర బొమ్మ. ఎవరో ఒక పిల్లవాడు యాభై ఏళ్ల కిందట కత్తెర పట్టి ఉంటే, బయటికి ఎంత మెరిసే ప్రతి అయినా ఆకుపచ్చ చీటీకో పాతాళంలోని అంకెకో దిగిపోతుంది. సంతలో స్లాబ్ లేని 181 కనిపిస్తే ధర అడిగే ముందే ఆ పేజీ తెరిచి చూపించమని అడగాలి. చూపించడానికి తటపటాయించే వాడితో బేరం అనవసరం.

ఇంత చెప్పే నేను 2015లో నిలువునా మునిగాను. స్వాంప్ థింగ్ అనే పాత్ర తొలిసారి కనిపించిన 1971 నాటి ‘హౌస్ ఆఫ్ సీక్రెట్స్’ 92వ సంచికను ఒక సంతలో కొన్నాను. ముదురు రంగు అట్ట, వెన్ను మీద ఒక్క తెల్ల గీతా లేదు. ఆ వయసు పుస్తకానికి, అందులోనూ ఆ రంగు అట్టకు, ఒక్క తెల్ల గీతా లేకపోవడం అనుమానించదగ్గ విషయమని అప్పుడు తోచలేదు. నోటుబుక్కులో 7.5 అని రాసి పంపాను. తిరిగి వచ్చింది ఊదా చీటీ. వెన్ను పొడవునా పగుళ్ల మీద ఎవరో నల్ల మార్కరు పూశారు. ఊదా చీటీ మీద మరమ్మతు నాణ్యతకు ఏ, బి, సి అక్షరాలు, పరిమాణానికి 1 నుంచి 5 అంకెలు ఉంటాయి. నా దాని మీద సి-1, అంటే అనుభవం లేని చెయ్యి, కొద్దిపాటి పూత. ఆ కొద్దిపాటి పూతకే పెట్టిన డబ్బులో సగం కంటే ఎక్కువ పోయింది. అట్టను లోపలివైపు తిప్పి చూసుంటే మార్కరు సిరా కాగితంలోంచి ఊరి, వెన్ను వెంట చిన్న చిన్న నల్ల చుక్కలుగా కనిపించేది. ఒక్క నిమిషం పని. తెల్ల గీతలతో ఉన్నదున్నట్టు వదిలేసి ఉంటే అది నీలం చీటీతో ఏ 5.0కో వెళ్లి, ఊదా 7.5 కంటే ఎక్కువ ధర పలికేది. బాగుచేయాలనే కోరికే ఈ వస్తువుకు శత్రువు. అంచులు కోయడం కూడా అంతే. చిన్నప్పుడు మా ఇంట్లో చందమామలను ఏడాదికొక బైండుగా కుట్టించేవారు. బైండింగు చేసే ఆయన చూడముచ్చటగా ఉండాలని మూడు వైపులా సమంగా కోసి ఇచ్చేవాడు. ఈ లెక్కన మా నాన్నగారి అలమరా మొత్తం ఊదా చీటీయే.

నోటుబుక్కు చెప్పే అసలు సంగతి మరొకటి ఉంది. మొదటి పదిహేను పుస్తకాల్లో నా అంచనా దాదాపు ప్రతిసారీ వాళ్ల అంకె కంటే ఒకటి రెండు మెట్లు ఎక్కువ. ఎదుటివాడి పుస్తకంలో మొదట కనిపించే మడత, సొంత పుస్తకంలో చివరికి కూడా కనిపించదు. ఇరవై దాటాక తేడా తగ్గింది. ఇప్పుడు చాలావరకు సరిపోతుంది, లేదా ఒక్క మెట్టు అటూ ఇటూ. అలాగని వాళ్ల అంకె కొలబద్ద పెట్టి కొలిచినదేమీ కాదు. ఒక పుస్తకాన్ని తొడుగు విప్పి, ఏ మార్పూ చేయకుండా, రెండేళ్ల తర్వాత మళ్లీ పంపితే 7.5 కాస్తా 8.0 అయింది. చూసేది మనుషులు, ఒక మెట్టు తేడా వస్తుంది, దాన్ని తప్పుపట్టను. అయితే ఆ ఒక్క మెట్టు మీదే వందల డాలర్లు ఊగుతాయి కనుక, ఆశపడి పదే పదే పంపేవారు ఉంటారు, వారి వల్ల ఏ అంకెకు ఎన్ని ప్రతులున్నాయో చెప్పే పట్టికలో ఒకే పుస్తకం రెండు మూడు సార్లు లెక్కకెక్కుతుంది.

ప్రెస్సింగ్ గురించి క్లుప్తంగా చెబుతాను. కొద్దిపాటి తేమ, వేడి, బరువులతో నొక్కులను సాఫు చేయడాన్ని సి.జి.సి. మరమ్మతుగా లెక్కించదు, అందుకే అందరూ చేయిస్తారు. నేను ఆరు పుస్తకాలకు చేయించాను: నాలుగింటికి లాభం, ఒకదానికి ఏమీ కాలేదు, ఒకదానికి పిన్నుల అచ్చు లోపలి పేజీల్లో దిగబడి ఉన్న అంకె కూడా తగ్గింది. వేడి ఎక్కువ పెట్టిన మనిషిది తప్పే. 1973 నాటి పెళుసు కాగితాన్ని అతనికి ఇచ్చిన నాది అంతకంటే పెద్ద తప్పు.

ఇక ధర. అంకె చూస్తే ధర తెలిసిపోతుందని కొత్తవారు అనుకుంటారు. 1938 జూన్ తేదీతో 10 సెంట్లకు వచ్చిన, సూపర్‌మ్యాన్ తొలిసారి కనిపించిన ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక చూడండి. నటుడు నికొలస్ కేజ్ ఇంట్లో 2000లో దొంగతనానికి గురై 2011లో దొరికిన 9.0 ప్రతి అదే ఏడాది సుమారు 21.6 లక్షల డాలర్లకు అమ్ముడైంది. 2014లో తెల్లని పేజీలున్న మరో 9.0 ప్రతికి 32,07,852 డాలర్లు వచ్చాయి. 2024లో హెరిటేజ్ వేలంలో 8.5 ప్రతి, అంటే వాటికంటే ఒక మెట్టు కిందిది, 60 లక్షల డాలర్లకు పోయింది. మనబోటివాళ్లం ఆ వేలాల గుమ్మం తొక్కం గానీ సూత్రం కింది మెట్లలోనూ అదే. అడిగే ధరలు చూడకూడదు, గత మూడు నెలల్లో నిజంగా అమ్ముడైనవి చూడాలి. అదే అంకెలో కూడా పేజీలు తెల్లగా ఉన్నవా, మీగడ రంగుకు తిరిగినవా, బొమ్మ అట్ట మీద నడిమధ్య కూర్చుందా లేక వెన్ను మీదుగా వెనక్కి జారిందా అన్నది చూడాలి. 2021లో అందరితోపాటు నేనూ ధరల వేడిలో ఒక 8.0 ‘జెయింట్ సైజ్ ఎక్స్-మెన్’ మొదటి సంచిక కొన్నాను. దాని చీటీ ఏమీ మారలేదు, ధర మాత్రం మూడో వంతు దిగిపోయింది.

తొడుగు పుస్తకాన్ని చేతుల నుంచి కాపాడుతుంది, వాతావరణం నుంచి అంతగా కాపాడదు. 1977లో కొలరాడోలో బయటపడిన ఎడ్గార్ చర్చ్ సేకరణ, మైల్ హై అని పేరుపడ్డది, అంత తాజాగా ఉండటానికి అక్కడి పొడి గాలి ఒక కారణం. నేను 2016లో రెండు విడి కామిక్సులను కాకినాడలో మా ఇంటి బీరువాలో ఒక వానాకాలం ఉంచాను. తిరిగి వెళ్లేసరికి పిన్నుల చుట్టూ గోధుమరంగు మరకలు. స్లాబులతో ఆ ప్రయోగం చేసే ధైర్యం లేదు. తొడుగులోని రెండు ప్లాస్టిక్ పొరలు ఒకదానికొకటి తగిలి, నీళ్ల మీద నూనె తేలినట్టు రంగురంగుల వలయాలు కొన్నింటిలో కనిపిస్తాయి. పుస్తకానికి హాని లేదు గానీ, డబ్బు పెట్టి కొన్న బొమ్మ మీద ఆ వలయాలు నాకు కంటగింపే. చదవడం మాట ఎలాగూ లేదు. ఆ ఊదా చీటీ స్వాంప్ థింగును మాత్రం తొడుగు పగలగొట్టి బయటికి తీశాను, ఇక దాచి లాభం లేదు కనుక. మా అమ్మాయి రెండుసార్లు చదివింది.

అయితే ఎవరు పంపాలి? రుసుము, రానూపోనూ పార్సిలు ఖర్చు, బీమా కలిపి చూసుకుంటే, గ్రేడింగ్ లేకుండానే మూడు నాలుగు వందల డాలర్లు పలికే పుస్తకానికి ఇది తగిన ఖర్చు, యాభై డాలర్ల పుస్తకానికి దండగ. నా 43లో కనీసం ఇరవై పంపకుండా ఉండాల్సింది. దూరాన ఉన్న అపరిచితుడికి అమ్మాలంటే, లేదా లక్షల రూపాయలు పెట్టి కొనాలంటే, స్లాబుకు సాటి వచ్చేది లేదు. ఆ నమ్మకం కోసమే నేను ఇంకా పంపుతున్నాను. తొందర ఉన్నవారు మాత్రం దూరంగా ఉండాలి. 2021లో పంపిన ఒక పెట్టె నాకు తొమ్మిది నెలలకు తిరిగి వచ్చింది, మధ్యలో రాసిన ఉత్తరాలకు ఒకే అచ్చు జవాబు. స్లాబ్ చేతికి వచ్చాక చీటీ మీది నంబరును సంస్థ వెబ్‌సైట్‌లో పోల్చి, అక్కడ ఫొటో ఉంటే అట్ట మీది మచ్చలను కూడా ఒక్కొక్కటిగా పోల్చుకుంటాను, ఎందుకంటే తొడుగు తెరిచి పుస్తకం మార్చే మోసాలు కూడా ఉన్నాయి.

పోయిన నెల 44వది పంపాను: బ్లేడ్ అనే పాత్ర తొలిసారి వచ్చిన ‘టూమ్ ఆఫ్ డ్రాకులా’ 10వ సంచిక, 1973 జులై. వెన్ను మీద రంగు పగిలిన గీతలు నాలుగు, వెనక అట్ట కింది మూలలో ఒక చిన్న మడత. లోపలి అట్ట రెండుసార్లు తిప్పి చూశాను, నల్ల చుక్కలు లేవు. ఎడమవైపు గడిలో 7.0 అని రాశాను.