తెలుగు పేజీకి ఏ ఫాంట్ మేలు: ఫోన్‌లో ఉన్నదా, మనం పంపేదా?

పేజీ త్వరగా తెరుచుకోవాలంటే అందరూ ముందు ఫొటోల సైజు తగ్గిస్తారు. తగ్గించాల్సిందే. కానీ తెలుగు సైట్లకు ఇంకో బరువు ఉంది, అది ఫాంట్. అక్షరాలు చూపించడానికి మనకు మూడు దారులు: చదివేవాళ్ల ఫోన్‌లో ఉన్న ఫాంటే వాడటం, మనమే పేజీతో పాటు ఫాంట్ ఫైలు (వెబ్ ఫాంట్) పంపడం, రాసిందంతా బొమ్మగా పెట్టేయడం.

బొమ్మ మాత్రం వద్దు. పండగ శుభాకాంక్షలకైతే సరే. కథనో వార్తనో బొమ్మ చేస్తే సెర్చ్‌లో దొరకదు, చూపు లేనివాళ్లకు స్క్రీన్ రీడర్ సరిగ్గా చదివి వినిపించలేదు.

అసలు పోటీ మిగతా రెండింటికే. అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు ఇచ్చినవి 128 స్థానాలు. ఫాంట్‌లో మాత్రం గుణింతాలకూ వత్తులకూ గీసిన ఆకారాలు వందల్లో ఉంటాయి. ‘స్త్రీ’ చూడండి. కంటికి ఒక్క అక్షరం. లోపల స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం ఆరు సంకేతాలు. వెబ్ పేజీలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి 3 బైట్లు, అంటే 18. ఈ ఆరింటినీ ఒకదాని కింద ఒకటి ఎలా పేర్చాలో చెప్పే పట్టికలు కూడా ఫాంట్‌లోనే ఉంటాయి. అందుకే వెబ్ ఫాంట్లను కుదించే వాఫ్2 రూపంలోకి మార్చాక కూడా తెలుగు ఫాంట్ పదుల కేబీలు ఉంటుంది, కొన్ని వంద దాటతాయి. 5000 సంకేతాల వ్యాసమేమో 15 కేబీ లోపే! బోల్డ్ కూడా పంపితే ఫాంట్ బరువు దాదాపు రెట్టింపు.

నేనూ ఒక చిన్న పుస్తకాల సైటు మొత్తానికి వెబ్ ఫాంట్ పెట్టాను. ఊళ్లో అమ్మ ఫోన్‌లో తెరిస్తే కాసేపు తెల్ల పేజీ, తర్వాత అక్షరాలు. ఫాంట్ డిస్‌ప్లే అనే సెట్టింగును ‘స్వాప్’కి మార్చాను, అంటే మన ఫాంట్ దిగేదాకా ఫోన్ ఫాంట్‌తో చూపించమని. అక్షరాలు వెంటనే వచ్చాయి గానీ, మన ఫాంట్ దిగగానే వరుసలన్నీ కిందికి జారాయి. “ఎక్కడ చదువుతున్నానో పోయిందిరా” అంది అమ్మ. తెలుగు ఫాంట్ల ఎత్తులు ఒకదానితో ఒకటి అసలు కలవవు.

ఉచిత ఫాంట్లు అందించే గూగుల్ ఫాంట్స్ నుంచి తెస్తే వేరే సైట్లో ముందే దిగి ఉంటుందిగా అనుకోవచ్చు. కానీ 2020లో వచ్చిన క్రోమ్ 86 బ్రౌజర్ నుంచి ఏ సైటు కోసం దించిన ఫైళ్లు ఆ సైటుకే విడిగా ఉంటున్నాయి. కాబట్టి ఆ లాభం ఇప్పుడు లేదు.

ఫోన్ ఫాంట్‌కి దించుకునే పనే లేదు. ఆండ్రాయిడ్‌లో నోటో, విండోస్‌లో నిర్మలా యూఐ, ఐఫోన్‌లో కోహినూర్ తెలుగు ఉన్నాయి. పేజీ అన్నిచోట్లా ఒకేలా కనపడదు, నిజమే. చదవడానికి వచ్చినవాళ్లకు అది పెద్ద లోటు కాదని నా నమ్మకం. అసలు పాఠానికి నా ఓటు దీనికే.

సైటు పేరుకి మాత్రం అందం కావాలి. సిలికానాంధ్ర విడుదల చేసిన రామభద్ర లాంటి ఉచిత ఫాంట్ తీసుకుని, ఆ పేరులోని అక్షరాలకు కావలసినవే ఉంచి మిగతావి తీసేయండి. ఫైలు చాలా చిన్నదైపోతుంది. వత్తులు విడిపోలేదని ఫోన్‌లో ఒకసారి చూసుకోండి. రోజూ మారే హెడ్డింగ్‌లకు ఇది పనికిరాదు, లేని అక్షరం వచ్చిన చోట వేరే ఫాంట్ దూరి అతుకు కనిపిస్తుంది.

ఏ ఫాంట్ వాడినా వరుస ఎత్తు (లైన్ హైట్) అక్షరం సైజుకు 1.6 రెట్ల కంటే తగ్గనివ్వకండి. తగ్గితే పై వరుస వత్తు కింది వరుస గుడిని తాకుతుంది.