మేకు కొట్టుకునే హక్కు: తొమ్మిదేళ్ల సొంతింటి వాడకం తర్వాత

ఇల్లు కొనాలా, అద్దెకే ఉండాలా అని ఎవరైనా సలహా అడిగితే మొదటి నాలుగేళ్లూ నేను లెక్కలు చెప్పేవాణ్ణి కాదు. మా హాలు గోడ చూపించేవాణ్ణి. దాని మీద మా తాతగారి లోలకం గడియారం ఉండేది.

వారానికోసారి కీ ఇవ్వాలి. గంటగంటకూ అన్ని గంటలు కొడుతుంది. ఎత్తితే పసిపిల్లను ఎత్తినంత బరువు. పదకొండేళ్లలో అయిదు అద్దె ఇళ్లు మారాం. అయిదింటిలోనూ అది పాత దుప్పటి చుట్టుకుని బీరువా మీదే పడుకుంది. అంత బరువు ఆనే మేకు కొట్టుకోవడానికి ఏ యజమానీ ఒప్పుకోలేదు. క్యాలెండరు కిటికీ ఊచకు వేలాడేది, అద్దం కుర్చీలో కూర్చునేది.

మూడో ఇల్లు ఖాళీ చేసిన రోజు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. యజమాని కళ్లజోడు సవరించుకుని, అరచేత్తో గోడలు తడుముతూ గదిగదీ తిరిగారు. ముందు రోజు రాత్రే నేను మేకుల రంధ్రాల్లో టూత్‌పేస్టు కూరి, తడిగుడ్డతో తుడిచి ఉంచాను. ఆయన వేలు ఒకచోట ఆగింది. గోరుతో గీకితే తెల్లగా పొడి రాలింది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి నా వైపు చూశారు. నాలుగు రంధ్రాలకు హాలు మొత్తం రంగు ఖర్చు అడ్వాన్సులోంచి పోయింది. పోయిన డబ్బు ఎప్పుడో మరిచిపోయాను. ఆయన వాసన చూడటం మాత్రం మరిచిపోలేదు.

అందుకే సొంత ఫ్లాట్ తాళాలు చేతికొచ్చిన రోజు నేను చేసిన మొదటి పని డ్రిల్లు పెట్టడం. మంచాలు ఇంకా విప్పదీసే ఉన్నాయి, వంటింటి సామాను అట్టపెట్టెల్లోనే ఉంది. గోడకు బెజ్జం వేసి, ప్లాస్టిక్ గొట్టం దిగ్గొట్టి, మర బిగించి గడియారం తగిలించాను. ఎర్రటి ఇటుక పొడి కొత్త నేల మీద రాలింది. మా ఆవిడ ఏమీ అనలేదు. చీపురు తెచ్చి ఇచ్చింది, అంతే.

సొంతింటి గురించి నేను ఇచ్చిన పొగడ్తలన్నీ ఆ ఇటుక పొడి మీద నిలబడ్డవే. విస్తీర్ణం, వాకిలి దిక్కు, లిఫ్టు, పార్కింగు వంటివి ఇక్కడ రాయను. అవి కొనేముందు అందరూ చూసుకునేవే. అయిదో ఏడు చివర్లో ఏం జరిగిందో మాత్రం పూర్తిగా రాస్తాను.

వానలు లేని నెలలో, హాలు పైకప్పు మూలన అరచేయంత మరక కనిపించింది. అంచు పాత కాగితం రంగులో ఉంది. మా పైన ఉన్నది బాత్రూము. పదిరోజుల్లో రంగు బుడగలా ఉబ్బింది, వేలితో నొక్కితే లోపలి నుంచి తెల్లటి ఉప్పు రాలింది. నేను ప్రతి ఆదివారం స్టూలెక్కి, మరక చుట్టూ పెన్సిలుతో గీత గీసి తేదీ వేసేవాణ్ణి. నాలుగో నెలకల్లా అది ఏదో దీవి పటంలా తయారైంది. చెమ్మ గోడ వెంట దిగి గడియారం వెనకకు చేరింది. తీసి చూస్తే చెక్క మీద బూజు. తుడిచి, ఆరబెట్టి, దుప్పటి చుట్టాను. మళ్లీ బీరువా మీదకు. అద్దె రోజుల నాటి అదే దుప్పటి.

పై ఫ్లాటులో ఉన్నది అద్దెవాళ్లు. ఆయన పాపం కిందికి వచ్చి మరక చూసి నొచ్చుకున్నారు, యజమానికి ఫోన్ చేశారు. ఆ యజమాని వేరే ఊళ్లో ఉంటారు. అది మీ గోడ లోపమై ఉంటుందన్నారు. అపార్ట్‌మెంట్ సంఘం వాళ్లను అడిగితే రెండు ఫ్లాట్ల మధ్య సంగతి, మీరూ మీరూ చూసుకోండి అన్నారు. నెలకో ప్లంబర్ వచ్చి తల పైకెత్తి, నాలుక చప్పరించి వెళ్లేవాడు.

ఎనిమిదో నెలలో ఒక ఉదయం కింద లారీ ఆగి ఉంది. పైవాళ్లు సామాను దించుతున్నారు. "మాకూ విసుగొచ్చిందండీ, బాత్రూములో నీళ్లు సరిగా పోవు. ఇల్లు మారిపోతున్నాం" అన్నారాయన. ఒక్క నెల ముందు నోటీసు ఇచ్చారట, అయిపోయింది. గేటు రెక్క మూసుకుపోకుండా పట్టుకుని నిలబడ్డాను. వాళ్ల పరుపు, పిల్లవాడి సైకిలు, చివరగా చీపురు లారీ ఎక్కాయి. ఇల్లున్నవాణ్ణి నేను, లేనివాడాయన. ఆ పూట అసూయ మాత్రం నాదే.

అప్పుడు గుర్తొచ్చింది. మా రెండో అద్దె ఇంట్లో కూడా ఇలాగే చెమ్మ వచ్చింది. యజమానికి రెండుసార్లు చెప్పి, పలక్కపోతే మూడో నెల మూటాముల్లె సర్దుకుని వచ్చేశాం. ఆ మరక ఆ తర్వాత ఎవరి నెత్తిన పడిందో ఒక్కసారైనా ఆలోచించలేదు.

పై ఫ్లాటు ఖాళీగా ఉన్న అయిదు వారాలూ పెన్సిలు గీతలు దాటి మరక ఒక్క వెంట్రుకంత కూడా పెరగలేదు. మంచి ప్లంబర్ ఒకాయన అప్పుడు దొరికాడు. ఆయన చెప్పింది తేలికే. నీళ్లు వచ్చే గొట్టం పగిలితే ఇంట్లో మనుషులున్నా లేకున్నా కారుతుంది. వాడినప్పుడే తడిస్తే లోపం నీళ్లు పోయే దారిలో ఉన్నట్టు. తాళం సంపాదించి, బాత్రూము నేల మీద జాలీని గుడ్డతో బిగించి, రెండంగుళాల నీళ్లు నిలిపి, అందులో నీలం రంగు కలిపాం. మూడో రోజు మా మరక నడుమ నీలం జీర వచ్చింది. ఫొటో తీసి యజమానికి పంపాను. "రంగు ఎక్కువగా కలిపినట్టున్నారు" అని జవాబు వచ్చింది.

చివరికి ఖర్చు చెరిసగం అనే ఒప్పందానికి రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. పైన టైల్సు పగలగొట్టి, జాలీ చుట్టూ ఉన్న అతుకు తీసి కొత్తది వేసి, నీరు దిగకుండా పూత పూసి, మళ్లీ నీళ్లు నిలిపి చూశారు. మా గోడ సున్నం ఇటుక కనిపించేదాకా చెక్కేసి, ఆరడానికి వదిలేశాం. తడి గోడ మీద రంగు వేస్తే మళ్లీ పొరలుగా లేస్తుందని ఆరు వారాలు ఆ ఇటుకలనే చూస్తూ కూర్చున్నాం.

ఆ రోజుల్లోనే ఒక రాత్రి, అమ్మేసి మళ్లీ అద్దెకు పోదామా అనిపించి బ్యాంకు అప్పు పత్రం తీశాను. తీయకపోయినా బాగుండేది. నేను పాతిక మందికి చెప్పిన మాట ఒకటుంది: అద్దె కడితే డబ్బు వృథా, వాయిదా కడితే ఇల్లు మనదవుతుంది. మా అప్పు 9 శాతం వడ్డీకి, 20 ఏళ్లకు, అంటే 240 వాయిదాలు. మొదటి వాయిదాలో ప్రతి 100లో 83 వడ్డీకే పోయింది, అసలులోంచి తగ్గింది 17. అయిదేళ్లలో 60 వాయిదాలు కట్టాక తీరిన అసలు 11 శాతం. వడ్డీ రేటు మారకపోయినా సగం అసలు తీరడానికి 14 ఏళ్లు పట్టేది. ఇంతలో రేటు 10 శాతానికి చేరింది. బ్యాంకు నెల వాయిదా పెంచలేదు, చల్లగా గడువు పెంచింది. మిగిలినవి 180 ఉండాల్సింది 208 అయ్యాయి. వాయిదా మొత్తం మారలేదు కాబట్టి నేను గమనించనే లేదు. అద్దె ఒక మనిషికి కడతాం, వడ్డీ బ్యాంకుకు కడతాం. మొదటి ఏళ్లలో రెండింటికీ నాకు పెద్ద తేడా కనిపించలేదు, బ్యాంకువాళ్లు వచ్చి గోడ వాసన చూడరనేది తప్ప.

ఇంకో లెక్క కొనేముందే చేయాల్సింది. ఇంటి ధరను అలాంటి ఇంటి ఏడాది అద్దెతో భాగించాలి. 15 లోపు వస్తే కొనడం, 20 దాటితే అద్దె మేలన్నది వాడుకలో ఉన్న ఒక మోటు కొలత. పై ఫ్లాటూ మా ఇంటంతదే, అందులో అద్దెకున్నాయన కట్టిన అద్దె నాకు తెలుసు. నేను కొన్న ధరను దాంతో భాగిస్తే దగ్గరదగ్గర 30 వచ్చింది. నేను నెలకు కట్టే వడ్డీ ఒక్కటే ఆయన అద్దెకు రెండింతల పైన ఉంది. ఇంటి ధర పెరిగింది కదా అంటారు. పెరిగింది. మేం దీన్ని అమ్మి కొనుక్కోవలసిన ఇళ్ల ధరలూ పెరిగాయి. పైగా కొందామని వచ్చి చూసిన ఇద్దరూ గుమ్మంలో అడుగుపెట్టగానే ముందు పైకప్పు వైపే చూశారు.

అమ్మలేదు. లెక్క కుదిరి కాదు, నాన్నగారి వల్ల.

ఆయనకు కొన్నేళ్లుగా చూపు మందగిస్తూ వస్తోంది. ఇప్పుడు వెలుతురూ చీకటీ తప్ప పెద్దగా తెలియదు. అయినా ఈ ఇంట్లో ఆయనకు చేయి పట్టుకునే మనిషి అక్కర్లేదు. మంచం నుంచి తలుపుకు ఏడడుగులు, అక్కడి నుంచి వేళ్ల కొసలతో గోడ తడుముతూ స్విచ్చు దాకా. చూపున్న రోజుల్లో నేర్చుకున్న ఇల్లు ఇది. గడియారం దుప్పట్లోకి వెళ్లాక ఆయన గంటగంటకూ "ఎంతయింది?" అని అడగడం మొదలుపెట్టారు. ఆయన రోజంతా ఆ గంటల మీద నడుస్తోందని అప్పటిదాకా మాకు తట్టలేదు. అద్దె ఇల్లయితే ఎంత మంచి యజమాని అయినా ఏదో ఒకరోజు ఫోన్ చేసి, మా అబ్బాయి వచ్చేస్తున్నాడు, ఇల్లు కావాలి అంటారు. మాకు అలాంటి ఫోన్లు రెండొచ్చాయి. ఈ వయసులో నాన్నగారు ఇంకో ఇంటి అడుగులు లెక్కపెట్టుకోలేరు.

అమ్మాయి సంగతీ ఉంది. ఒకటో తరగతిలో చేరిన బడిలోనే పదికి వచ్చింది. అది సొంతింటి గొప్పేనని చాలాకాలం చెప్పుకున్నాను. కానీ మా ఆవిడకు రెండేళ్ల క్రితం వేరే ఊళ్లో మంచి ఉద్యోగం వచ్చింది. వెళ్లలేదు. ఇల్లు అద్దెకిచ్చి వెళ్దామన్నాను. "పై ఫ్లాటు ఓనరులా మనమూ ఫోన్లో మాట్లాడాలా?" అంది. ఆ ఉద్యోగం ఊసు ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

అప్పు విషయంలో ఒక మేలు మాత్రం జరిగింది. ఆ పత్రం చూసిన ఏడాది నుంచి సంవత్సరానికి ఒక వాయిదా అదనంగా కడుతున్నాను. మొదటి నుంచీ అలా కట్టి ఉంటే, అదే 9 శాతం మీద, 20 ఏళ్ల అప్పు దాదాపు పదహారున్నర ఏళ్లకే తీరేది. ఇప్పుడు కట్టడం వల్ల తగ్గేది అంతకంటే తక్కువే. ఆలస్యంగా తెలిసినవాడికి ఆలస్యంగానే ఫలితం.

కాబట్టి ఎవరైనా అడిగితే ఇప్పుడు నేనే ఎదురు ప్రశ్నలు వేస్తున్నాను. అయిదారేళ్లు ఎక్కడికీ కదలరని గట్టిగా చెప్పగలరా? ఇద్దరిలో ఒకరి జీతం ఆగితే వాయిదా నడుస్తుందా? ఇంట్లో మారడానికి వీల్లేని మనిషి ఎవరైనా ఉన్నారా? మూడో ప్రశ్నకు అవునని జవాబు వస్తే లెక్క కాస్త ఎదురుతిరిగినా కొనుక్కోండి అంటాను. మాకు అదే జరిగింది. పెళ్లయిన కొత్తలో, నాన్నగారు ఆరోగ్యంగా, మేమిద్దరం ఎక్కడ పని దొరికితే అక్కడికి వెళ్లేలా ఉన్న రోజుల్లో కొని ఉంటే ఈ సమీక్ష ఇంకో రకంగా ఉండేది. ఇంటికి పెట్టిన సొమ్ములో అయిదో వంతు మాదైతే మిగిలింది బ్యాంకుది. మా చేతిలో ఇంకొంచెం ఉండి ఉంటే కూడా ఇంకో రకంగా ఉండేదేమో.

గడియారాన్ని ఎదుటి గోడకు మార్చాను. ఈసారి డ్రిల్లు పెట్టే ముందు ఆ గోడ వెనక ఏముందో, దాని పైన ఏముందో కనుక్కున్నాను. పక్కగది అల్మారా, దాని పైన పడకగది. నాన్నగారికి గంటలు ఇప్పుడు ఎడమ చెవి వైపు నుంచి వినిపిస్తాయి. అలవాటు పడటానికి వారం పట్టింది.

పై ఫ్లాటులోకి కొత్తగా ఒక యువజంట వచ్చింది. మొన్న ఆ అబ్బాయి వచ్చి డ్రిల్లు ఉంటే ఇస్తారా అని అడిగాడు. ఇచ్చాను. తలుపు దగ్గర ఆగి, "రెండు బెజ్జాలేనండీ, ఓనరుగారు ఏమైనా అంటారంటారా?" అన్నాడు.

"రంధ్రాల్లో టూత్‌పేస్టు మాత్రం పెట్టకు బాబూ, వాసన వస్తుంది" అన్నాను. "బాత్రూము వైపు అసలే వద్దు."