శాన్‌డియాగో ఓవర్‌నైట్ ట్యూనా ట్రిప్: చాలా సీజన్లు ఎక్కి దిగాక రాస్తున్న సమీక్ష

రాత్రి తొమ్మిదింటి ప్రాంతంలో రేవు వదలడం, తెల్లవారేసరికి చేపలున్న చోటికి చేరడం, మధ్యాహ్నం దాకా పట్టి చీకటి పడే వేళకు తిరిగి రావడం. కాలిఫోర్నియాలోని శాన్‌డియాగోలో టికెట్ కొని, ట్యూనా అనే పెద్ద సముద్రపు చేపను గాలంతో పట్టడానికి వెళ్ళే ఓవర్‌నైట్ ట్రిప్ అంటే ఇంతే. పాయింట్ లోమా రేవుల నుంచీ మిషన్ బే నుంచీ వేసవంతా ఈ పడవలు తిరుగుతూనే ఉంటాయి. మా గుంపు తేల్చుకున్నది ముందే చెప్పేస్తాను: ట్యూనా రేవుకు డెబ్బై మైళ్ళ లోపు తిరుగుతున్న వారాల్లో దీన్ని మించిన బేరం లేదు. అంతకన్నా దూరం జరిగిందా, ఆ డబ్బు ఒకటిన్నర రోజు ట్రిప్‌కు పెట్టండి.

లెక్క వేసుకుంటే ఎవరికైనా తెలిసిపోతుంది. ఈ పడవల వేగం 10 నాట్ల (గంటకు 10 నాటికల్ మైళ్ళ) అటూఇటూ. తొమ్మిదికి బయల్దేరినా, బే లోపల ఎర దొడ్ల (బతికున్న ఎర చేపల్ని ఉంచే చోటు) దగ్గర ఆగి సార్డిన్లు అనే చిన్న చేపల్ని నింపుకునేసరికి పది అవుతుంది. అక్కణ్ణుంచి ఉదయం ఐదు దాకా ఏడు గంటలు, అంటే 70 నాటికల్ మైళ్ళు. రావడానికీ అంతే పడుతుంది. రాత్రి ఏడింటికి రేవులో ఉండాలంటే మధ్యాహ్నం పన్నెండుకు లైన్లు ఎత్తేయాల్సిందే. చేప 90 మైళ్ళ దూరంలో ఉంటే గాలం నీళ్ళలో ఉండేది మూడు గంటలు.

అందుకే రోజూ రేవులు పెట్టే క్యాచ్ లెక్కలు చదవడం నేర్చుకోవాలి. మొత్తం అంకె చూసి మురిసిపోకండి. దాన్ని మనుషుల సంఖ్యతో భాగించి, అది ఏ నిడివి ట్రిప్‌దో చూడండి. రెండున్నర రోజుల పడవ తెచ్చిన చేపలు ఓవర్‌నైట్ ఎక్కేవాడికి ఏమీ చెప్పవు. ఓవర్‌నైట్ పడవలు వరసగా మూడు నాలుగు రోజులు మనిషికి ఒకటి చొప్పునైనా తెస్తుంటే అప్పుడు టికెట్ తీసుకోండి.

రెండో సంగతి, మనుషుల సంఖ్య. ఒకే పడవ ఒకరోజు 22 మందితో, మరో రోజు 35 మందితో వెళ్తుంది. ఈ రెండూ ఒకే ట్రిప్ కాదు. 35 మంది ఉంటే రెయిలింగ్ దగ్గర మోచేయి ఆడదు, చేప గాలానికి తగిలినప్పుడల్లా చిక్కుముళ్ళే. టికెట్ కొనేటప్పుడు 'ఎంతమందికి పరిమితం' అని అడిగి తీరాలి. పది పదిహేను మంది స్నేహితులుంటే పడవ మొత్తం చార్టర్ తీసుకోవడం మేలు. తలకు ఖర్చు కాస్త పెరిగినా, పక్కవాడి లైన్ ఎటు పోతోందో చెప్పుకునే చనువు ఉంటుంది.

కాగితాల విషయం క్లుప్తంగా. పడవ మెక్సికో జలాల్లోకి వెళ్ళే అవకాశం ఉంటే పాస్‌పోర్టు తప్పనిసరి. మెక్సికో పర్మిట్ టికెట్‌లో కలిసి ఉందో, విడిగా కట్టాలో ముందే కనుక్కోండి. అమెరికా జలాల్లో పట్టేటట్టయితే కాలిఫోర్నియా లైసెన్సు కూడా ఉండాలి. 2015 నుంచి పసిఫిక్ బ్లూఫిన్ (ట్యూనాలో ఒక రకం) పరిమితి మనిషికి రోజుకు రెండు. ఎల్లోఫిన్ అనే మరో రకానికి లెక్క వేరు, అందుకే చేప ఏదో గుర్తుపట్టడం రావాలి.

ఇక సామాను. చాలామంది ఏడెనిమిది రాడ్లు మోసుకొస్తారు, అందులో సగం ఒరలోంచి బయటికి రావు. మాకు పనికొచ్చినవి నాలుగు. ఒకటి 25 పౌండ్ల సెట్ (అంటే అంత బరువును తట్టుకునే లైన్ ఉన్న రాడ్, రీల్), చిన్న ఎరకూ మందకొడి రోజుకూ. రెండోది 40 పౌండ్లది, ఎక్కువ పని దీనిదే. మూడోది 60 పౌండ్లది, సింకర్ రిగ్‌కు (సీసం బరువుతో ఎరను లోతుకు దించే పద్ధతి). నాలుగోది 80 నుంచి 100 పౌండ్లది, రాత్రి జిగ్‌లకు (బరువైన లోహపు బొమ్మ ఎరలు). చివరి రెండింటికీ రెండు గేర్ల లెవర్ డ్రాగ్ రీలే (లైన్ జారకుండా పట్టే బ్రేకు, అంటే డ్రాగ్, లెవర్‌తో మారేది) ఉండాలి. ఆరింటికే చేపలు లేస్తే ముడులు వేసుకునే వ్యవధి ఉండదు. నాలుగూ పడుకునే ముందే కట్టి ర్యాక్‌లో పెట్టాలి.

రీల్ లోపల 65 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన సన్నని లైన్), దాని మీద వంద అడుగుల దాకా మోనో (ఒంటి పోగు నైలాన్ లైన్), చివర ఆరడుగుల ఫ్లోరోకార్బన్ (నీళ్ళలో అంతగా కనబడని లైన్). పూర్తిగా బ్రెయిడ్ వేసుకునేవాళ్ళు దూరం ఎక్కువ పోతుందంటారు, నిజమే. కానీ జనం ఉన్న పడవలో ఒక చిక్కు పడితే బ్రెయిడ్ పక్కవాడి లైన్‌ను కత్తిలా కోసేస్తుంది, విప్పాలన్నా కనబడదు. డ్రాగ్‌ను చేతి అంచనాకు వదలొద్దు, స్ప్రింగ్ త్రాసుతో లాగి చూడండి. 30 పౌండ్ల లైన్‌కు 8, 40కి 11, 80కి 22 పౌండ్లు, లెవర్ 'స్ట్రైక్' గుర్తు దగ్గర ఉన్నప్పుడు, చాలు. ఉత్సాహం ఆపుకోలేక మధ్యలో లెవర్ ముందుకు తోసేవాళ్ళ చేపలే ఎక్కువగా తెగిపోతాయి.

అసలు ఫలితం తేలేది ఎర దగ్గర. దొడ్డిలో కొన్ని రోజులుండి గట్టిపడిన సార్డిన్ ట్యాంకులో గంటల తరబడి చురుగ్గా ఉంటుంది. అప్పుడే వలేసి పట్టుకొచ్చినదైతే పొలుసులు రాలి, ముక్కు ఎర్రబడి తెల్లారేసరికి తేలిపోతుంది. ట్యాంకులోంచి తీసేటప్పుడు వీపు పచ్చగా మెరుస్తూ, చేతికి దొరక్కుండా పరుగెత్తేదాన్నే ఎంచుకోండి. పిడికిట్లో బిగించొద్దు, తడి చేత్తో అలా పట్టుకుంటే చాలు. గాలి తక్కువగా ఉండి, ఎర పడవకు దూరంగా ఈదాలంటే ముక్కుకు అడ్డంగా గుచ్చాలి. లోతుకు దిగాలంటే పొట్ట కింద వెనక రెక్క దగ్గర. మొప్ప వెనక భుజం దగ్గర గుచ్చితే విసిరినప్పుడు ఊడిపోదు. గాలం సైజు ఎరను బట్టే: సార్డిన్‌కు 1 నుంచి 2/0, అంతకన్నా చిన్న ఎర చేప ఆంచోవీకి 4 లేదా 2 (వీటిలో అంకె పెరిగేకొద్దీ గాలం చిన్నది). చిన్న ఎరకు పెద్ద గాలం పెడితే అది ఈదదు, ఈదని ఎర వైపు ట్యూనా చూడదు. లైన్ తనంతట తాను బయటికి పోవడం ఆగిందంటే ఎర అలిసిపోయినట్టే, మార్చేయండి. సోమరితనం వల్ల ఖాళీగా ఇంటికెళ్ళేవాళ్ళు ఇక్కడే కనిపిస్తారు.

చేప ఎర తీసుకున్నప్పుడు స్పూల్ (రీల్‌లో లైన్ చుట్టి ఉండే చక్రం) ఒక్కసారిగా వేగం పుంజుకుంటుంది. మూడు నాలుగు అంకెలు లెక్కపెట్టి లెవర్ మెల్లగా ముందుకు తోయండి. సర్కిల్ హుక్ (మొన లోపలికి వంగిన గాలం) అయితే రాడ్‌ను ఎత్తి కొట్టడం పనికిరాదు, తిప్పుకుంటూ పోతే అదే మూతి మూలలో కూర్చుంటుంది.

పగలు పని ట్రోలింగ్‌తో, అంటే నడుస్తున్న పడవ వెనక ఎరల్ని ఈడ్చడంతో, మొదలవుతుంది. నాలుగైదు లైన్లు, వంతులవారీగా మనుషులు. మీ వంతు కాకపోయినా చేతిలో ఎర గుచ్చిన రాడ్ ఉండాలి. ట్రోల్‌కు చేప తగిలి కెప్టెన్ ఇంజిన్ తగ్గించాక కూడా పడవ కొద్దిసేపు జారుతూనే ఉంటుంది. ఆ పది పదిహేను సెకన్లలో వెనక నుంచి సార్డిన్ వదిలి, స్పూల్ వదులుగా ఉంచిన వాడికి గుంపులో మిగతా చేపలు దొరుకుతాయి. బంక్‌లోంచి కళ్ళు నులుముకుంటూ వచ్చేవాడికి ఉత్త నీళ్ళే మిగులుతాయి. రోజంతా కలిపి చూస్తే చేపలు బాగా తగిలేది రెండు మూడు సార్లు, ఒక్కోటి పావుగంట. మిగిలినదంతా వెతుకులాట. ఇది తెలియక మొదటిసారి వచ్చినవాళ్ళు విసుగెత్తి, సరిగ్గా అక్కరకొచ్చే సమయానికి గ్యాలీలో (పడవ వంటగదిలో) బర్గర్ తింటూ ఉంటారు.

బ్లూఫిన్ వెంట వెళ్ళే పడవ తెల్లవారుజామున మూడింటికే చేరుకుంటే అది మరో ఆట. మీటర్ (నీళ్ళ కింద చేపల్ని చూపే తెర) మీద మార్కులు 200 అడుగుల దగ్గర కనిపిస్తే, చీకట్లో వెలిగే 200 నుంచి 300 గ్రాముల జిగ్‌ను ఆ లోతుకు దించాలి. రంగులు మారే బ్రెయిడ్ ఉంటే లోతు తెలుస్తుంది. కాటు ఎక్కువగా దిగేటప్పుడే పడుతుంది. లైన్ ఉన్నట్టుండి ఆగిందా, వదులైందా, వెంటనే లెవర్ వేసి తిప్పడమే. జిగ్ పట్టని రాత్రుల్లో సింకర్ రిగ్ పనిచేస్తుంది: గాలానికి 20, 25 అడుగుల పైన 8 ఔన్సుల టార్పెడో సీసాన్ని రబ్బరుబ్యాండుతో లైన్‌కు చుట్టి, సార్డిన్‌ను వంద అడుగులకు దించడం. చేప పైకి వచ్చాక సీసం రాడ్ చివర చేరగానే డెక్‌హ్యాండ్ (పడవ మీద సాయం చేసే పనివాడు) దాన్ని లాగేస్తాడు. ముడేసి కడితే అక్కడే చేప పోతుంది.

పోయే చేపల్లో ఎక్కువ భాగం రెండు చోట్లే పోతాయి. మొదటిది చిక్కుల్లో. చేప ఎటు పోతే మీరూ రెయిలింగ్ వెంట అటే నడవాలి, లైన్ మీ ముందే నిటారుగా ఉండాలి. పక్కవాడి లైన్‌కు పైనుంచో కిందనుంచో దాటమని డెక్‌హ్యాండ్ అరిస్తే వాదన పెట్టుకోకుండా అలాగే దాటాలి. రెండోది చివరి ముప్పై అడుగుల్లో. అలిసిన ట్యూనా పడవ కింద గుండ్రంగా తిరగడం మొదలెడుతుంది. అప్పుడు తక్కువ గేర్‌కు మార్చి, రాడ్‌ను రెయిల్ మీద ఆనించి, చేప మనవైపు తిరిగిన ప్రతిసారీ అరచుట్టు, చుట్టు సంపాదించాలి. దూరంగా తిరిగినప్పుడు పట్టి ఉంచడమే. తల మీవైపు ఉండగా ఆపకుండా తిప్పితేనే గ్యాఫ్ (చేపను పైకి లాగే కొక్కెపు కర్ర) తలలో దిగుతుంది. ఒక చేప వచ్చాక చివరి మూడడుగుల ఫ్లోరోను గోళ్ళ మధ్య లాగి చూడండి. గరుకు తగిలితే కోసి మళ్ళీ ముడి వేయండి.

పడక గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. కిందా, మధ్యలోనూ ఉన్న బంక్ తక్కువ ఊగుతుంది, పడవ ముక్కు వైపుది ఎత్తేసి పడేస్తుంది. ఇయర్‌ప్లగ్‌లు మర్చిపోవద్దు. వాంతుల బెడద ఉన్నవాళ్ళు మెక్లిజిన్ పడవెక్కే ముందే వేసుకోవాలి, సముద్రం మీద మొదలయ్యాక మాత్ర లోపల నిలవదు. చెవి వెనక అంటించే స్కోపొలమైన్ ప్యాచ్‌కు ప్రిస్క్రిప్షన్ కావాలి. కనీసం నాలుగు గంటల ముందు అంటిస్తే మూడు రోజులు పనిచేస్తుంది. అంటించాక చేతులు కడుక్కోండి, ఆ వేలు కంట్లో పెట్టుకుంటే కంటిపాప విచ్చుకుని చూపు మసకబారుతుంది.

చేప పడగానే దాని మొప్ప మీద మీ నంబరు ట్యాగ్ కొట్టారో లేదో చూసుకోండి, సాయంత్రం గొడవ ఉండదు. రక్తం కార్చమని అడగండి. మంచి పడవలు అడక్కుండానే చేస్తాయి, కొన్ని రద్దీలో డెక్ మీదే ఎండకు వదిలేస్తాయి, మా పెద్ద ఫిర్యాదు అదే. వేడెక్కిన ట్యూనాలో తయారయ్యే హిస్టమిన్ (తింటే జబ్బు చేసే పదార్థం) వండినా పోదు. పడవ మీదే కోయించుకుంటే ప్రతి చేపా చట్టం చెప్పినట్టు ఆరు ముక్కలుగా, చర్మంతో సహా, విడి సంచిలో ఉండాలి: నాలుగు లోయిన్లు (పొడవాటి కండ ముక్కలు), ముందు రెక్కలతో కాలర్ (మొప్పల వెనక భాగం), కింది రెక్కలతో పొట్ట. డెక్‌హ్యాండ్లకు 15 నుంచి 20 శాతం టిప్ మామూలు, కోసినందుకు వేరే. కారులో పెద్ద కూలర్, దాని నిండా ఐస్ ముందే సిద్ధంగా ఉంచుకోండి. ముక్కల్ని మంచినీళ్ళలో కడగొద్దు, ఐస్ కరిగిన నీళ్ళు సంచుల్లోకి దిగకుండా కూలర్‌కు నీళ్ళు పోయే మర తెరిచి పెట్టండి.